అద్దం మీద గద్వాల అంచు

టోల్‌గేటు దగ్గర మా కారుకు ముందు మెచ్చుకోలు దొరికేది, తర్వాత తిట్లు. మెచ్చుకోలు ముందద్దం పైభాగాన ఈ కొస నుంచి ఆ కొస దాకా అతికించిన జరీ అంచుకు. తిట్లు, అదే అద్దం మీదున్న ఫాస్టాగ్ ఎందుకు పనిచేయడం లేదో చెప్పలేని మాకు.

కారు మా అక్కవాళ్లది. వాళ్లది గద్వాల, నాది వనపర్తి. పత్రికలో పనిచేసినన్నాళ్లూ తీరిక లేదంటూ తప్పించుకున్నానని అక్కకు నా మీద కినుక. ఉద్యోగం మానగానే నాకు కొత్త ఉద్యోగం ఇచ్చింది. నెలకోసారి సాయంత్రం బస్సెక్కి గద్వాల చేరాలి. తెల్లవారి బావను కారులో హైదరాబాద్ కంటి దవాఖానకు తీసుకుపోవాలి. మళ్లీ తెచ్చి ఇంట్లో దింపాలి. అక్క వెనక సీట్లో టిఫిన్ గిన్నెలతో, రిపోర్టుల సంచితో కూర్చుంటుంది. బావ ముందు సీట్లో, నా పక్కన.

బావ నేతపనివాడు. ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికిన మనిషి. షుగర్ ఆయన కళ్లను లోపలి నుంచి తినేసింది. కుడికంటిలో వెలుతురు, చీకటి తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఎడమ కన్నయినా నిలవాలంటే నెలనెలా సూది వేయాలన్నారు, కంటిలోకే. "వరుస తప్పొద్దు. తప్పిన నెలలో పోయిన చూపును నేను తిరిగి తెచ్చి ఇవ్వలేను" అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. ఆమె ఆ దవాఖానకు వచ్చేది నెలలో ఒక్క రోజు, అదీ పొద్దున పూట. మధ్యాహ్నానికి ఇంకో ఊరు వెళ్లిపోతుంది. కాబట్టి మా ప్రయాణానికి ఉన్న గురి ఒక్కటే. పొద్దు నెత్తికెక్కక ముందే బావ ఆమె ముందు కూర్చోవాలి.

ఇక ఆ అంచు. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. రెండూ కలిసే చోట పోగును పోగుతో మెలివేస్తూ నేయాలి. కన్ను ఆనని మనిషికి అది సాగే పని కాదు. బావ చివరిసారి మగ్గం మీద మొదలుపెట్టిన చీరలో పోగులు తప్పుతూ వచ్చాయి. కలవాల్సినచోట కలవలేదు. విప్పాడు, మళ్లీ నేశాడు, మళ్లీ విప్పాడు. ఒకరోజు "ఇంక నాతోని కాదు" అని మగ్గం దిగాడు. అక్క ఆ సగం బట్టను కోసి దించి, అందులోంచి అంచును వేరుచేసి దాచింది. జానెడు వెడల్పు, ఎర్రటి పట్టు, దాని మీద జరీతో నేసిన కోటకొమ్మల వరుస. కోట గోడ మీద మొనలు తీరి నిలబడ్డట్టుంటుంది ఆ పని.

దవాఖాన తిరుగుళ్ల కోసమే తర్వాత ఈ పాత కారు కొన్నారు. కొత్త బండి ఇంటికొస్తే ఎవరైనా నిమ్మకాయలు, మిరపకాయలు కడతారు. నేత ఇళ్లలో కొందరు తమ మగ్గం మీది అంచు ముక్క కూడా కడతారు. పూజ రోజు బావ ఆ అంచే తెమ్మన్నాడు. అక్క దానికి మడత కుట్టి, రెండువైపులా అంటుకునే టేపుతో ముందద్దం పైన తోరణంలా అతికించింది. ట్యాగ్ అప్పటికే అద్దం పైభాగాన నడుమ ఉంది. అంచు దాని వెనక నుంచే పోయింది. బయటి నుంచి చూస్తే ట్యాగ్ శుభ్రంగా కనిపిస్తుంది, దాని వెనక ఎర్రపట్టు, జరీ. పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టు ఉండేది.

మొదటి నెల ప్రయాణంలోనే గేటు మమ్మల్ని ఆపింది. గద్వాల నుంచి బయల్దేరి, కృష్ణ మీది వంతెన దాటి, హైవే మీద కొంతదూరం పోగానే అది వస్తుంది. మా ముందున్న కారుకు కర్ర లేచింది. మాకు లేవలేదు. బూత్‌లో కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసి ముందు నవ్వింది.

"అబ్బ, అంచెంత మంచిగున్నది! గద్వాలదేనా అమ్మా?"

"మా ఆయన నేసిండు బిడ్డా" అంది అక్క వెనక నుంచి.

"మస్తున్నది. సార్, మీ ట్యాగ్‌ల పైసలు లేనట్టున్నయ్."

ఫోన్‌లో ఉన్న నిల్వ చూపించాను. ఆమె చూసి, "మరి బ్లాక్‌లిస్ట్‌ల పడ్డదేమో" అంది.

"పడ్డదని ఎట్ల తెలుస్తది?"

"పడితే గిట్లనే చదువది సార్."

"పడకపోయినా గిట్లనే చదువుతలేదు కదమ్మా."

"అందుకే పడ్డదంటున్న."

ఈ వలయంలోంచి బయటపడే దారి నాకు కనిపించలేదు. ఒకతను చేతిలో పట్టుకునే మిషన్ తెచ్చి అద్దం ముందు అటూ ఇటూ తిప్పాడు. దానికీ పలకలేదు. ట్యాగ్‌లో డబ్బుండి గేటు మిషన్ చదవలేకపోతే బండిని ఊరికే వదలాలన్న నిబంధన ఒకటుంది. దాన్ని వార్తగా రాసింది నేనే. ఆ మాట అన్నాను. సూపర్‌వైజర్ వచ్చాడు.

"మా మిషన్ మంచిగనే ఉన్నది సార్. మీ ముందటి బండి పోలేదా? మీ ఎనుకటిది గూడ పోతది, సూడున్రి."

నిజంగానే పోయింది. మేం రెట్టింపు కట్టి పక్కకు జరిగిన మరుక్షణం, మా వెనక లారీకి కర్ర సలాం కొట్టినట్టు లేచింది. లారీ డ్రైవర్ మమ్మల్ని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే.

తిరుగు ప్రయాణంలో, సాయంత్రం, అదే గేటు మేం దగ్గరికి రాకముందే తెరుచుకుంది.

"మంచిగనే ఉన్నది కదరా. పొద్దుగాల నువ్వే ఆళ్లతోని తక్రార్ పెట్టుకున్నవ్" అంది అక్క.

అది మొదలు ప్రతి నెలా ఇదే తంతు. పోయేటప్పుడు పలకదు, వచ్చేటప్పుడు పలుకుతుంది. పోయే వైపు మిషన్లే చెడ్డవని తేల్చుకున్నాను. వరుస మార్చి చూశాను. ఏ వరుసలోనైనా అంతే. బ్యాంకువాళ్లకు ఫోన్ చేశాను. నా కాల్ వాళ్లకు ఎంతో ముఖ్యమని ఒక గొంతు చాలాసేపు చెప్పింది. ఆ ముఖ్యమైన కాల్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఒక మనిషి దొరికాడు.

"ట్యాగ్ అద్దం మీదనే ఉందా సార్?"

"ఉంది."

"బండి మీదేనా సార్?"

"మా అక్కది."

"అయితే మీ అక్కగారితో మాట్లాడించండి సార్."

అక్క ఫోన్ తీసుకుని ముందు అతని ఊరేదో కనుక్కుంది. పెళ్లయిందో లేదో కనుక్కుంది. చివరికి అతను అన్నది ఒకటే మాట. "మా దగ్గర అంతా కరెక్టుగానే ఉందమ్మా." ఇరవైనాలుగు గంటలూ అందరి దగ్గరా అంతా కరెక్టుగానే ఉంటుంది. గేటు మాత్రం లేవదు.

వనపర్తిలో ట్యాగులు అమ్మే చోటికి బండి తీసుకుపోయాను. పాతది పీకి కొత్తది అతికించాలంటే అంచు తీయాలి. జాగ్రత్తగా ఊడదీసి వెనక సీట్లో మడతపెట్టి ఉంచాను. అతను కొత్త ట్యాగ్ అంటించి, మిషన్‌తో చదివించి మరీ చూపాడు. టక్కున పలికింది. గెలిచినవాడిలా గద్వాల వెళ్లాను. అక్క అంచును మళ్లీ యథాస్థానంలో పెట్టి, కొత్త టేపు వేసి, అరచేత్తో గట్టిగా రుద్ది అతికించింది. నెల తిరిగి గేటు దగ్గరికి పోతే కథ మళ్లీ మొదటికొచ్చింది.

"దిష్టిరా" అంది అక్క. "ఆ పిల్ల అబ్బ అన్నప్పుడే అనుకున్న నేను." బానెట్ ముందు నల్లదారం కట్టింది. గేటుకు ఆ దారం చూసి ఏ భయమూ కలగలేదు.

ఇంత జరుగుతున్నా బావ మాట్లాడేవాడు కాదు. సీటుకు తల ఆనించి, ముఖం కాస్త పైకెత్తి, ఆ అంచునే చూస్తూ కూర్చునేవాడు. ఎండ పడుతోందని అద్దం పైన మడిచి ఉండే ఎండరెక్క దించబోతే చేయి అడ్డం పెట్టేవాడు. "ఉండనియ్యి, అడ్డమొస్తది." తాను నేసిన దాన్ని తానే చూసుకుని మురిసిపోతున్నాడని నాకు లోపల విసుగు. మేం గేటుతో తలపడుతుంటే ఆయన మురిపెం ఆయనది.

ఒక నెల నాకు ఒళ్లు మండింది. హైవే వద్దు, గేట్లే వద్దు, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా పోదామన్నాను. దూరం కొంచెమే ఎక్కువ, తలనొప్పి ఉండదు అన్నాను. రోడ్డుకు సగం దాకా మక్కజొన్నలు ఎండబోశారు. ఆ మక్కలను తొక్కనీయకుండా ఇద్దరు ఆడవాళ్లు రాళ్లు పెట్టారు. వాటిని దాటితే గొర్రెల మంద. గొర్రెలు దాటితే కల్వర్టు కడుతున్నారని చేలల్లోంచి మట్టిదారి. నాగర్‌కర్నూల్ చేరేసరికే పొద్దు చాలా పైకొచ్చింది. హైదరాబాద్ దవాఖాన మెట్లెక్కేసరికి డాక్టరమ్మ కారు వెళ్లిపోయింది. కిటికీ దగ్గర అమ్మాయి పేరు రాసుకుని, "వచ్చే నెల రండి" అంది, సినిమా టికెట్ లేదన్నంత తేలిగ్గా.

తిరుగుదారంతా అక్క టిఫిన్ గిన్నెల మూతలు తీయనే లేదు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ నెలలో ఒకసారి చూద్దామని గద్వాల పోతే, బావ చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు పోస్తున్నాడు. నీళ్లు గ్లాసు పక్కన నేల మీద పడుతున్నాయి. అక్క చూసీ చూడనట్టు వచ్చి గ్లాసును ధార కిందికి జరిపింది. బావకు ఆ సంగతి తెలియలేదు. తెలిసినా తెలియనట్టే ఉండి ఉంటాడు.

తర్వాతి నెల ప్రయాణానికి మేం చీకటితోనే లేచాం. ఈసారి కూడా వరుస తప్పితే ఆ ఒక్క కన్నూ పోతుందని ముగ్గురికీ తెలుసు. అక్క బయల్దేరే ముందు అలవాటుగా అంచును కొస నుంచి కొసకు నొక్కి సరిచేసింది. వేసవి పొద్దు. గేటు చేరేసరికే ఎండ చురుక్కుమంటోంది.

కర్ర లేవలేదు.

ఆ అమ్మాయే ఉంది. మమ్మల్ని చూసి ఆమెకూ నీరసం వచ్చింది. "మల్ల అచ్చిన్రా సార్" అంది, నేనేదో పనిగట్టుకుని వస్తున్నట్టు.

"రెట్టింపు తీసుకో తల్లీ. జల్ది పోవాలె. దవాఖాన పని" అన్నాను. నిబంధనల మాట ఎత్తలేదు.

"ఈ లైన్‌ల నగదు తీసుకోరు సార్. ఫోన్‌ల నుంచి కొట్టున్రి."

ఫోన్ తీశాను. తెర మీద చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. సూపర్‌వైజర్ వచ్చాడు.

"ఫోన్ల నెట్‌వర్క్ డౌన్ ఉన్నది పొద్దుగాల నుంచి. వెనుకకు తీసి నగదు తీసుకునే ఆ కొసాకరి లైన్‌కు పోన్రి సార్."

వెనక చూశాను. ఒక ట్రాలీ లారీ, దాని వెనక ఇంకోటి, దాని వెనక బస్సు. అన్నీ ఒక్కసారే హారన్లు మొదలుపెట్టాయి. వెనక్కి తీయమన్న మనిషి ఆ లారీలను చూసి కూడా అదే మాట అన్నాడు. "వెనుకకు తీయున్రి సార్."

"ఎటు తీయాలయ్యా? దాని మీదికెక్కియ్యాల్నా?"

"గరం గాకున్రి సార్. మా చేతుల ఏమున్నది?"

"నీ చేతుల ఆ కర్ర ఉన్నది గద. లేపు."

"గట్ల లేపితే నా నౌకరి పోతది."

ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. అదే నన్ను మరింత మండించింది. ఎవరినీ గట్టిగా తిట్టడానికి వీల్లేని చిక్కు కంటే పెద్ద చిక్కు లేదు.

గేటు దగ్గర రోడ్డు కాస్త తూర్పుకు ఒరుగుతుంది. ఎండ ఏటవాలుగా అద్దంలోంచి వచ్చి బావ ముఖాన కొడుతోంది. ఎడమకంటి నుంచి నీళ్లు కారుతున్నాయి. అయినా తల పైకెత్తే ఉన్నాడు. అక్క వెనక నుంచి వంగి ఎండరెక్క దించబోయింది. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"వద్దే. ఉండనియ్యి."

"కన్ను మండుతలేదా నీకు?"

"మండనియ్యి. అది దించకు, అంచు కనపడదు."

అక్క ఓపిక అక్కడ తెగింది. గేటు మీది కోపం, నెట్‌వర్క్ మీది కోపం, నాగర్‌కర్నూల్ దారి మీది కోపం, అన్నీ ఆమె చేతుల్లోకి వచ్చాయి. "అంచు మీద గంత పాయిరముంటే ఇగో, నెత్తినే కప్పుకో!" అని రెండు సీట్ల మధ్య నుంచి ముందుకొచ్చి, ఆ అంచును ఈ కొస నుంచి ఆ కొసకు సర్రున పీకి, బావ ముఖం మీద వేసింది.

టక్ మన్నది. కర్ర లేచింది.

సూపర్‌వైజర్ కర్ర వైపు, ఆ అమ్మాయి తన తెర వైపు, నేను ఇద్దరి వైపు చూస్తున్నాం. వెనక హారన్లు ఆగలేదు.

పట్టంచు కింద నుంచి బావ గొంతు వినిపించింది. "ఏమైంది? పోతున్నమా?"

"పోతున్నం బావా" అని కారు దూకించాను.

కొత్తకోట దాకా నాకు ఏమీ తట్టలేదు. ఆ ఊళ్లో ఎప్పుడూ ఆగే చాయ్ దుకాణం ముందు ఆ రోజు ఆగలేదు. కానీ దాన్ని దాటుతుండగా అసలు సంగతి వెలిగింది. జరీ అంటే లోహపు పోగు. ట్యాగ్ వెనక లోహాన్ని అదిమి అతికిస్తే, గేటు పంపే సంకేతానికి అది జవాబివ్వలేదు. పొద్దున బయల్దేరే ముందు అక్క నొక్కి అతికిస్తుంది, అప్పుడు పలకదు. మధ్యాహ్నమంతా దవాఖాన బయట ఎండలో నిలబడ్డ కారులో టేపు మెత్తబడి అంచు అద్దానికి దూరంగా వేలాడుతుంది, సాయంత్రం పలుకుతుంది. ఇన్ని నెలలుగా ఆ పిల్ల దాన్నే చూసి మెచ్చుకుంది. మిషన్ పట్టుకున్నవాడు దాని ముందే మిషన్ తిప్పాడు. నేను దాన్ని నా చేతులతో తీసి మళ్లీ అక్కకు అందించాను.

చెప్పాను. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. బావ మాత్రం అంచును ఒళ్లో పెట్టుకుని గుర్రుమన్నాడు.

"గవర్నమెంటు మిషన్‌కు నా జరీ అడ్డమొస్తదా? ఎవలకన్న చెప్పు."

హైదరాబాద్ లోపు వచ్చే రెండో గేటు మేం దగ్గరికి పోకముందే తెరుచుకుంది.

"ఇగ దాన్ని ఇంట్ల పెట్టెల పెడ్త" అంది అక్క.

"వద్దు."

"ఏం వద్దు? కావాల్నంటే కింద, డాష్‌బోర్డ్ మీద పరుస్త."

"కింద పరుస్తరా అంచును? మీదనే ఉండాలె." బావ నా వైపు తిరిగాడు, రోడ్డు మీద నుంచి నా చూపు కదలదని తెలిసీ. "మురిసిపోయి సూస్తున్ననుకున్నరా మీరు? ఆ కొమ్మల మొనలు నాకు ఎరుక. ఏ మొన ఏడున్నదో ఎరుక. సూదులు మొదలైన కొత్తల కొమ్మ కొమ్మ కనపడుతుండె. పోయిన నెల సూది తప్పినంక మొనలు పోయినయ్. ఎర్రగ ఒక గోడ లెక్క, గంతే. దవాఖానల పెట్టే ఏబీసీడీలు నాకేం తెల్వయ్. కన్ను నిలుస్తదా పోతదా నేను దాన్ని సూసే తెలుసుకుంటున్న."

అక్క వెనక నుంచి వంగి, ఆయన ఒళ్లోని అంచు మడతలు సరిచేసింది.

ఆ రోజు డాక్టరమ్మ ఇంకా ఉంది. సూది వేసింది. కంటికి కట్టు కట్టి, ఈసారి మాత్రం తప్పొద్దని నన్నే చూస్తూ చెప్పింది.

తర్వాతి నెల బయల్దేరేటప్పుడు పెద్ద వాదులాట జరిగింది. పక్కకు జరిపి అతికిద్దామన్నాను. ఎంత జరిపినా ట్యాగ్ నడుమే ఉంది కదా, తన సీట్లోంచి నిండుగా కనిపించాలంటే అంచు మొత్తం ఉండాలన్నాడు బావ. కోసి రెండు ముక్కలు చేద్దామన్నాను. ఆ మాటకు అక్క నన్ను చూసిన చూపు ఎలాంటిదో చెప్పను. చివరికి కుదిరింది ఇదీ. గేటు కనిపించగానే అక్క ముందుకు వంగి అంచు ఊడదీసి ఒళ్లో పెట్టుకోవాలి. గేటు దాటాక మళ్లీ అతికించాలి. ప్రయాణంలో ప్రతి గేటు దగ్గరా, పోనూ రానూ.

గేటు వచ్చింది. అక్క అంచు తీసింది. టక్ మని కర్ర లేచింది. బూత్‌లో అమ్మాయి అద్దం చూసి నిరాశపడింది.

"అమ్మా, అంచేదీ?"

"ఒళ్ల ఉన్నది బిడ్డా. నీ మిషన్‌కు కండ్లమంట దాన్ని సూస్తె."

నేను గేరు మార్చబోయాను. బావ నా మోచేయి పట్టుకున్నాడు. "జర ఆగు. ముందు పెట్టనియ్యి."

"బావా, గేటు తెరిచి ఉన్నది. వెనుక లారీలున్నయ్."

"ఉండనియ్యి. ఇన్నాళ్లు మనం ఆగలేదా?"

గేటు దాటి ముందుకు పోయి ఆగుదామని ఎంత చెప్పినా వినడే! కర్ర లేచి ఉంది, మేం కదలడం లేదు. వెనక లారీ హారన్ కొట్టింది. సూపర్‌వైజర్ గది తలుపు తెరిచి, మమ్మల్ని చూసి, తల పట్టుకున్నాడు. అక్క గబగబా అంచు ఎత్తి అద్దానికి అదిమి, టేపు నొక్కింది. బావ తల వెనక్కి ఆనించి, ముఖం పైకెత్తి చూశాడు.

"ఆ దిక్కు కొస జర కిందికి జారింది. వంకరున్నది."

"ఏం వంకర లేదు. పోనియ్యి తమ్మీ" అంది అక్క.

"ఉన్నది. ఆ మూల మూడో కొమ్మ మొన మడతల పోయింది. నాకు కనపడుతలేదు, మిగిలినయి కనపడుతున్నయ్."

అక్క చేయి అక్కడే ఆగింది. నేనూ తల వంచి చూశాను. నా వైపు మూలలో అంచు వెంట్రుకవాసి ఒరిగి ఉంది. మూడో కొమ్మ మొన మడతలోకి పోయింది.

హారన్లు మోగుతూనే ఉన్నాయి. అక్క ఆ మూల టేపు విప్పి, మడత తీసి, మళ్లీ అతికించడం మొదలుపెట్టింది. నేను బండి కదిలించలేదు.